ఉపసంహార పర్వము

హిమాలయ సరిహద్దు వ్యవహారములో నంద్యాల ఓటరునకు కొంత పాత్ర కలదని చెప్పినచో, ఆళ్లగడ్డ బస్టాండులో నిలిచిన పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూచునేమో కాని, ఈ మాటకు దాఖలాలు కలవు. 1991లో పార్లమెంటు సభ్యత్వము లేకుండగనే ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారికి ఒక స్థానము కావలసివచ్చినప్పుడు, అప్పటి నంద్యాల సభ్యులైన గంగుల ప్రతాపరెడ్డిగారు తమ స్థానమును విడిచిరి. తెలుగువాడు ప్రధానియైన వేళ అడ్డు నిలువరాదని తలచి ఎన్.టి. రామారావుగారు తమ పక్షమున అభ్యర్థినే నిలుపరైరి. నవంబరు ఉపయెన్నికలో 5 లక్షల 80 వేలకు పైబడిన ఆధిక్యముతో పి.వి.గారు లోకసభలో ప్రవేశించిరి. ముఠాకక్షలకు పేరుమోసిన సీమలో, మధ్యవర్తియు ఒడంబడిక పత్రమును లేకయే, ఇట్లు ఇరువురు బలవంతులు చెప్పిన వేళకు వెనుకకు తగ్గిరి. ఉపసంహార విద్యకు ఇంతకంటె తేలికయైన పాఠము లేదు. మరీ తేలికయగుటచేతనే కాబోలు, దౌత్యప్రవీణులకు అది రుచింపలేదు.

వారి శాస్త్రము వేరు. దాని ఆదిపర్వము 1962 నవంబరు 21న వ్రాయబడెను. ఆనాడు చైనా ప్రభుత్వము, ఎవరును కోరకుండగనే కాల్పుల విరమణ ప్రకటించి, 1959 నవంబరు 7 నాటి వాస్తవాధీన రేఖనుండి తన సేనలు 20 కిలోమీటర్లు వెనుకకు పోవునని లోకమునకు తెలిపెను. ఎంతటి ఔదార్యము! ఆ రేఖ ఎచ్చట కలదో చెప్పు అధికారమును మాత్రము వెనుకకు పోవువారే తమయొద్ద నుంచుకొనిరి. డిసెంబరులో సిలోను, బర్మా, ఇండోనేషియా, కంబోడియా, ఈజిప్టు, ఘనా దేశములవారు కొలంబోలో కూడి సంధి ప్రతిపాదనలు చేయగా, భారతదేశము వానిని యథాతథముగా అంగీకరించెను. చైనా తన షరతులను ప్రక్కన చేర్చుకొని 'సూత్రప్రాయముగా' అంగీకరించెను. మానవమేధ కనిపెట్టిన ఉపాయములలో సూత్రప్రాయాంగీకారమునకు సాటి లేదు: ఒప్పుకొన్న కీర్తియు ఒప్పుకొనని లాభమును ఒక్క చేతికే దక్కును.

దాదాపు ముప్పదియొక సంవత్సరములు గడచిన పిమ్మట, 1993 సెప్టెంబరు 7న, నంద్యాల సభ్యుడు ప్రధానిగా బీజింగున విడిసియుండగా, వాస్తవాధీన రేఖ వెంబడి శాంతిని కాపాడు ఒప్పందము కుదిరెను. ఉభయులును రేఖను గౌరవింపవలెను; ఇరుగుపొరుగు మైత్రికి తగిన కనిష్ఠ స్థాయికి సేనలను తగ్గింపవలెను; ఎంతకు తగ్గింపవలెనో పిమ్మట సంప్రదించుకొనవలెను. 1996 నవంబరు 29 నాటి రెండవ ఒప్పందము మరొక యడుగు ముందుకు వేసి, ఫిరంగులను ట్యాంకులను పదాతిదళ యుద్ధవాహనములను పేరుపేరున పేర్కొని, వాని పరిమితులు పరస్పర సంప్రదింపులచే నిర్ణయింపబడునని చెప్పి, పదవ అధికరణమున అసలు రహస్యము విప్పినది: రేఖ ఎచ్చటనున్నదో ఉభయులకును ఏకాభిప్రాయము కుదిరిననే గాని ఇందలి కొన్ని నిబంధనలు పూర్తిగా అమలు కాజాలవట! ఆ రేఖకు సంబంధించిన పటములలో మధ్యభాగమునకు చెందినవి మాత్రము 2000 సంవత్సరమున చేతులు మారినవి.

న్యాయము చెప్పవలెనన్న, ఆ పత్రములు కేవల నిష్ప్రయోజనములు కావు. సుమ్‌దొరాంగ్‌ చూ లోయలో ఎదురెదురుగా నిలిచిన శిబిరములు 1995లో నిజముగనే వెనుకకు జరిగినవి. కాని ఆ శాస్త్రపు పరిపక్వఫలము 2020లో మన ఇంటికే వచ్చినది. జూన్ 6న ఉభయ సేనాపతులు సమావేశమై వెనుదిరుగుటకు సమ్మతించిరి. జూన్ 15 రాత్రి, ఆ సమ్మతి అమలగుచున్నదో లేదో చూడబోయిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో కూడ ఇరువదిమంది భారతసైనికులు గల్వాన్ లోయలో నేలకొరగిరి. తమవారు నలుగురు మరణించిరని చైనా ఎనిమిది మాసములకు గాని చెప్పలేదు. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరుపరాదని 1996 ఒప్పందమున గల నిబంధన ఆ రాత్రి అక్షరాల పాలింపబడినదని దౌత్యప్రవీణులు సంతసింపవచ్చును: ఒక్క తూటాయు పేలలేదు, మేకులు దిగగొట్టిన కర్రలును రాళ్లును చాలినవి.

ఆ జూన్ 6 నాటి దానితో మొదలుకొని 2024 ఫిబ్రవరి నాటికి సేనాపతుల సమావేశములు ఇరువదియొకటి జరిగినవి. ఉపసంహారమునకు మూడు మెట్లు కలవని మనకిప్పుడు బోధింపబడుచున్నది: ముఖాముఖి నిలిచినవారు తొలగుట మొదటిది, ఉద్రిక్తతను తగ్గించుట రెండవది, అదనపు దళములను స్వస్థానములకు పంపుట మూడవది. 2024 అక్టోబరున దెప్సాంగ్, దెమ్‌చోక్‌ల విషయము తేలి మొదటి మెట్టు ముగియుటకు, గల్వాన్ రాత్రి మొదలు నాలుగేండ్ల నాలుగు మాసములు పట్టినది. తక్కిన రెండింటికిని లెక్క కట్టుకొను పని మనుమలకు వదలవచ్చును.

పాపము, దౌత్యవేత్తలకు గడువు వ్రాయుట రాదేమో యని జాలిపడుదమా? ఎంతమాత్రమును వలదు. 1966 జనవరి 10న తాష్కెంటులో లాల్‌బహదూర్ శాస్త్రి, అయూబ్‌ఖానులు చేవ్రాలు చేసిన ప్రకటనలో, 1965 ఆగస్టు 5 నాటి స్థానములకు ఫిబ్రవరి 25 లోపల మరలవలెనని చోటును తేదీయు స్పష్టముగా కలవు, సేనలు మరలినవి, మనవారు నెత్తురు ధారపోసి గెలిచిన హాజీపీరు కనుమ సైతము విడువబడినది. కనుక గడువు లేనిచోట దానిని మరచిపోయినవారెవరును లేరు, వలదనుకొన్నవారే కలరు.

అహోబిల నరసింహుడు కనుమపండుగ నాడు పారువేటకు వెడలి, ఆళ్లగడ్డ ప్రాంతమున ముప్పదికి పైబడిన పల్లెలలో విడిసి, నలుబది దినములకు పైగా సంచరించి, బ్రహ్మోత్సవముల వేళ మీరకుండ కొండకు చేరుకొనును. హిరణ్యకశిపుని చీల్చిన ఉగ్రమూర్తికే ఏ ఊర ఎన్నాళ్లో, మరలుట ఎన్నడో ముందుగా నిర్ణయమై యుండును. ఏ పల్లెనుండియు ఆయన సూత్రప్రాయముగా వెడలిపోలేదు.

గడువు లేని సేన బసచేసిన ఏమగునో ఈ సీమకు ఒకరు చెప్పనక్కరలేదు. తన రక్షణకై పిలిచి నిలుపుకొన్న కుంపిణీ దళముల వ్యయమునకుగాను, 1800లో నిజాము బళ్లారి, కడప మొదలగు మండలములనే కుంపిణీకి ధారాదత్తము చేసెను. సేన కాపాడినది నిజామును. వెల చెల్లించినది ఇచ్చటి రైతు. 1928 నవంబరున నంద్యాల సభలో రాయలసీమయను పేరు పెట్టుకొని, దత్తమండలమను మచ్చను మాపుకొనుటకే మనకు 128 సంవత్సరములు పట్టినది.

కావున, సేనల ఉపసంహరణకు అంగీకారము కుదిరినదని ఇకమీదట పత్రికలు చాటినప్పుడెల్ల చదువరి మూడు సంగతులు అడుగవలెను: ఏ రేఖకు, ఏ దినమునకు, ఎవరి కన్నుల యెదుట? ఈ మూడింటికిని బదులు లేని పత్రము ఎంతటి మహానుభావుల సమక్షమున కుదిరినదైనను, దానిని విజయమని చాటింపు వేయుట మాని, రావలసిన బాకీల పద్దులో వ్రాసికొనుట ఉత్తమము.