ఏ కౌంటర్లో ఎంత వయసు?

కాళ్లకు దణ్ణం పెడితే నిండు నూరేళ్లు బతకమని దీవించడం మనకు అనాదిగా ఉంది. పైసా ఖర్చులేని దీవెన కాబట్టి ఎవరూ లెక్క చూసుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల చుట్టుపక్కల ఉండేది, ఇప్పుడు 70 దగ్గరికి వచ్చింది. ఆనాటి సగటును కిందికి లాగింది ముఖ్యంగా పసిపిల్లల చావులే కాబట్టి, అప్పట్లో ముసలివాళ్లే లేరనుకోనక్కర్లేదు. కానీ ఇవాళ అరవైకి చేరిన మనిషి సగటున మరో 18 ఏళ్లు బతుకుతున్నాడు. దీవెన చాలావరకు ఫలించింది, ఫలించాకే చిక్కొచ్చింది. ఈ అదనపు ఏళ్లను ఎవరి పద్దులో రాయాలో ఎవరూ తేల్చలేదు. తేలేలోగా మన ప్రభుత్వాలు ఒక ఉపాయం కనిపెట్టాయి. మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడో డాక్టరు కాదు, ఖజానా చెబుతుంది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కి దించింది. అంతకుముందు రోజు దాకా ఫైళ్ల మీద దర్జాగా సంతకాలు పెట్టినవాళ్లు ఒక్క జీవోతో వృద్ధులైపోయారు. తర్వాత మళ్లీ 58 అయింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2014లో 60 చేసింది, 2022లో 62 చేసింది. తెలంగాణ 2021లో 61 చేసింది. జనం ఆరోగ్యంగా ఉంటున్నారు కాబట్టి ఇంకొన్నాళ్లు పనిచేస్తే తప్పేమిటంటారు. తప్పేమీ లేదు. కాకపోతే విరమణ రోజున ఒక్కసారిగా చేతిలో పెట్టాల్సిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల సొమ్ము కూడా ఆ ఇంకొన్నాళ్లూ వాయిదా పడతాయి. ఉద్యోగి ఆరోగ్యం కంటే ఖజానా అనారోగ్యమే ఇక్కడ బలమైన కారణం అనుకుంటే పాపం కాదు. కుర్చీలు ఖాళీ కాకపోతే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్నవాళ్ల గతేమిటని అడగొచ్చు. దానికీ మందుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉద్యోగ దరఖాస్తుకు గరిష్ఠ వయసును 46కి పెంచింది. అదే రాష్ట్రంలో ఆసరా పింఛనుకు వృద్ధాప్యం 57కే మొదలవుతుంది. అంటే 46 దాకా నిరుద్యోగ యువకుడు, 57కి వృద్ధుడు. నడివయసుకు మిగిలింది పదకొండేళ్లే. కూలి పనికి వెళ్లేవాడి ఒళ్లు గుమాస్తా ఒంటికంటే ముందే అరుగుతుంది కాబట్టి ఆ 57లో న్యాయం లేకపోలేదు. ఈ పట్టిక మొత్తంలో న్యాయం కనిపించేది బహుశా అదొక్క చోటే. రైల్వేకు ఆడవాళ్లయితే 58కి, మగవాళ్లయితే 60కి వృద్ధులు. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి రాయితీ ఆపేశాక రైల్వే దృష్టిలో ఈ దేశంలో ముసలివాళ్లే లేరు. ఆదాయం చూడకుండా ఆయుష్మాన్ కార్డు కావాలంటే 70 దాకా ఆగాలి. ముఖ్యమంత్రి పదవికైతే 74 కూడా పడుచు వయసే, ఆంధ్రప్రదేశ్ 2024లో చూసింది.

ఖజానా తప్పించుకున్న బిల్లు ఎక్కడికీ పోదు, ఇంటికొస్తుంది. ఒకప్పుడు అరవై నిండడమంటే గండం గట్టెక్కడం, అందుకే షష్టిపూర్తి. ఇప్పుడు ఫంక్షన్ హాల్లో షష్టిపూర్తి పెళ్లికొడుకు మీద అక్షింతలు వేయడానికి కన్నతల్లే ముందు వరుసలో కూర్చుంటోంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం అరవై నిండినవాళ్లను సీనియర్ సిటిజన్లుగా గుర్తించింది గానీ, పోషించాల్సిన బిడ్డ వయసుకు పైహద్దు పెట్టలేదు. కాబట్టి బతుకు గడవని 85 ఏళ్ల తండ్రి 61 ఏళ్ల కొడుకు మీద ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ కొడుకు అదే వరండాలో కూర్చుని డాలస్‌లో ఉన్న తన కొడుకు మీద ఇంకో అర్జీ రాసుకోవచ్చు. విదేశాల్లోని భారత పౌరులకూ చట్టం వర్తిస్తుంది మరి. ట్రిబ్యునల్ ఇప్పించగలిగే భరణం మాత్రం నెలకు పదివేలు దాటకూడదు. అసలు విచిత్రం చట్టం రాసిన నిర్వచనంలో ఉంది. పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు లేదు. మంచం దగ్గర మందులిచ్చేది, దుప్పటి మార్చేది, రాత్రి దగ్గు వినపడితే లేచేది ఎక్కువ ఇళ్లలో ఆవిడే. సచివాలయంలో ప్రమోషన్లు ఆగినట్టే ఆవిడ ప్రమోషనూ ఆగింది. అత్తగారి హోదా కోసం ముప్పై ఐదేళ్లు ఎదురు చూసి, ఆ ఖాళీ వచ్చేలోపు తనకే మోకాళ్లు పట్టేసిన కోడళ్లకు ఏ సంఘమూ లేదు, ఏ పీఆర్సీ లేదు.

పెద్దవాళ్లంటే ఖర్చేనా అని కోపగించుకునేవాళ్లు ఉంటారు. కోపం సబబే. అమెరికాలో కూతురి పురిటికి ఆరు నెలల కోసం వెళ్లి, పిల్లాడికి నీళ్లు పోసి, ఫ్రిజ్ నిండా పొడులూ పచ్చళ్లూ సర్ది వచ్చే అమ్మమ్మలకు అక్కడి రేటు కట్టిస్తే చాలామంది అల్లుళ్లు అప్పులపాలవుతారు. ఆ చాకిరీని ప్రేమ పద్దులో రాసుకుని, మంచాన పడిన రోజుల్ని మాత్రం ఖర్చు పద్దులో రాస్తున్నామన్నదే గొడవ. ఇక పిల్లల్ని ఎక్కువమందిని కంటే అన్నీ సర్దుకుంటాయన్నది చంద్రబాబు నాయుడు గారి మందు. ఇద్దరికి మించి కన్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి నిబంధనను 2024లో ఎత్తేశారు కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే కాబట్టి ఆయన దిగులు ఉత్తది కాదు. కానీ ఇవాళ పుట్టిన బిడ్డ పన్ను కట్టే స్థితికి రావడానికి పాతికేళ్లు పడుతుంది. అశోక్‌నగర్ దారి పడితే 46 ఏళ్లు. ఇవాళ 80లో ఉన్నావిడకు అన్నం పెట్టేది ఆ బిడ్డ కాదు.

ఈలోగా పెన్షనర్లు ఏటా తాము బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి. వేలిముద్రలు అరిగిపోయాయని యంత్రం ఒప్పుకోకపోతే మొహం చూపించాలి. ఈ పరీక్షలన్నీ నెగ్గి నూరేళ్లు నిండిన కేంద్ర ఉద్యోగికి మూల పెన్షన్ రెట్టింపవుతుంది. మన దీవెనను అక్షరాలా నమ్మి అమలు చేసే పథకం నాకు తెలిసి అదొక్కటే. ఎన్నడూ ఉద్యోగం చేయని పేద వృద్ధుడి సంగతి వేరు. అతని పింఛనును రాష్ట్రాలు తమ వాటా కలిపి పెంచుతున్నాయి, ఆంధ్రప్రదేశ్ నాలుగు వేలిస్తోంది. కానీ జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం ఇచ్చేది 60 నుంచి 79 ఏళ్ల దాకా నెలకు 200 రూపాయలు. 2007లోనూ అంతే ఇచ్చేది.