పడవెక్కి కూడా సముద్రం చూడకుండా రావడమెలా?

అండమాన్ వెళ్తున్నారా? శుభం. ముందు పేర్ల సంగతి తేల్చుకోండి. 2018లో హేవలాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ కాస్తా శ్రీ విజయపురం అయింది. హోటలువాళ్ళు పాత పేరంటారు, కాగితం మీద కొత్త పేరుంటుంది. కాబట్టి అవన్నీ వేరువేరు ఊళ్ళనుకుని ప్లాన్ వేయండి. మా తోడల్లుడు హేవలాక్‌కి రెండు రోజులు, స్వరాజ్ ద్వీప్‌కి మరో రెండు రోజులు కేటాయించాడు.

సర్కారు పడవ జోలికి పోకండి. టికెట్టు చవకే, కానీ పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవలాక్ చేరడానికి రెండున్నర గంటలు పడుతుంది. పైగా డెక్కు మీద నిలబడితే గాలి మొహాన కొడుతుంది, ఉప్పు తుంపర పడుతుంది, అదృష్టం బాగుంటే ఎగిరే చేపలు కూడా కనిపిస్తాయి. ఇంతదూరం వచ్చి ఇదేం ఖర్మ! అద్దాలు బిగించిన ఏసీ క్యాటమరాన్ ఎక్కండి. అచ్చం మన ఏసీ బస్సులాగే ఉంటుంది, హారన్ మోతే తక్కువ.

బయల్దేరే ముందు పూరీ, బంగాళాదుంప కూర దట్టించండి. వాంతుల బిళ్ళ గంట ముందే వేసుకోమంటారు. తొందరేముంది, కడుపులో తిప్పడం మొదలయ్యాక చూసుకోవచ్చు. సీటు మాత్రం పట్టుబట్టి అన్నిటికన్నా ముందుది తీసుకోండి. అల తగలగానే ముందు లేచేదీ, ధబీమని పడేదీ ఆ మూలే. నడిమధ్య కూర్చుంటే ఊపు తెలియదు. ఇచ్చిన డబ్బుకి ఊపన్నా ఉండొద్దూ? దూరాన నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలిపితే కడుపు కుదుటపడుతుందట. అందుకే తల వంచుకుని ఫోన్లో సీరియల్ చూడండి. పక్క సీటు పెద్దమ్మ సరిగ్గా అప్పుడే పులిహోర డబ్బా మూత తీస్తుంది. ఇంగువ ఘుమఘుమ, ఏసీ చలి, కింద అల. ఈ మూడూ ఒక్కచోట కలిస్తే ఏమవుతుందో సిబ్బందికి ముందే తెలుసు. అందుకే వాళ్ళ చేతిలో సంచులు సిద్ధంగా ఉంటాయి.

డిసెంబర్లో వెళ్తే హేవలాక్‌లోని రాధానగర్ బీచికి తాపీగా ఆరింటికి బయల్దేరండి. అక్కడ అయిదింటికల్లా పొద్దుగూకుతుంది, జనం తగ్గుతారు. తిరుగు ఫెర్రీకీ విమానానికీ మధ్య గంటన్నర చాలు. గాలి లేచి ఫెర్రీ రద్దయితే ఎవరో ఒకరి మీద అరవడానికి ఆ గంటన్నర పనికొస్తుంది.

ఆఖరి మాట, అక్కడ తెలుగులో ధైర్యంగా మాట్లాడుకోండి, ఎవరికీ అర్థం కాదు. హేవలాక్ జెట్టీలో మా పెద్ద పెట్టె ఎత్తుకున్న ముసలాయన్ని చూసి “ఈయనకి రెండొందలు దండగ” అన్నాను మా ఆవిడతో. ఆయన పెట్టె మెల్లగా దించాడు.

“దండగైతే తమరే మోసుకోండి బాబూ. ఏటుందండి ఇందల, రాళ్ళా?”

ఇచ్ఛాపురం దగ్గరట. వాళ్ళ తాత కాలంలోనే వచ్చేశారట. నేను నీళ్ళు నమిలి మూడొందలిచ్చాను. ఆయన నవ్వి, “సముద్రం బాగుందా బాబూ?” అనడిగాడు.

నేనూ మా ఆవిడా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మావాడే ఫోన్ జేబులో పెట్టుకుంటూ జవాబిచ్చాడు:

“బానే ఉంది తాతా, మధ్యలో సిగ్నలే పోయింది.”