నీలి గీతలు

మనుమడు ల్యాప్‌టాప్ మూసి ‘నానమ్మా, స్ట్రెస్’ అంటడు. కూసున్న కుర్చీ గిరగిర తిరుగుతది, మీద ఏసీ, పక్కన వాళ్లమ్మ పెట్టిన చాయ. స్ట్రెస్సట! మా కాలంల ఆ మాటే లేకుండె. ఉన్నా మీ తాతకు దాన్ని వినే తీరిక లేకుండె.

ఆయన గోదావరిఖని బొగ్గుబాయిల ఫిల్లర్. ఫిల్లరంటే ఇప్పటి పిల్లలకేం తెలుస్తది? బాయిల మందు పేల్చి పడగొట్టిన బొగ్గును తట్టలకెత్తి, మోసుకపోయి టబ్బుల పొయ్యాలె. ఒక్కో టబ్బు టన్నుకు అటు ఇటు. నెలకింత అని జీతం కాదు, పీస్ రేటు. నింపినంతకే పైసలు. నెత్తికి లైటు, నడుముకు దాని బ్యాటరీ, రెండు కిలోలకు తక్కువుండదు. వంగినప్పుడల్ల అదీ గుంజేది. ఇప్పుడు చిన్న ఎల్‌ఈడీ లైట్లట, తట్ట పట్టే పనే లేదట, ఎక్కువ బొగ్గు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తున్నదట. 2019ల రూలు మారి ఆడపిల్లలు సుత బాయిల దిగొచ్చట. దిగనియ్యి. నేను గేటు కాడ నిలవడ్డదానికంటె అది నయం.

జీతాల దినం చూడాలె ఆ గేటు! పైసలు చేతికే ఇచ్చేది. ఒక దిక్కు వడ్డీలోళ్లు, ఒక దిక్కు సారా దుకాణం, నడుమల సంకల పిల్లతోని నేను. మీ తాత మంచోడే. గాని ఆ దారిల ఏ మొగోణ్ని నమ్మరాదు.

రాత్రి 11 గంటల షిఫ్టుకు పోయి పొద్దుగాల వచ్చి పండుకుంటే, రెండర్రల క్వార్టర్ల పిల్లలు పిల్లుల తీరు నడవాలె. రేడియో బంద్, గిన్నె చప్పుడు బంద్. గల్లీల ఎవలన్న పిల్లగాడు ఏడ్చినా నేనే ఉరికి పోయి ఊకోబెట్టేదాన్ని. మా చిన్నోడు ఇప్పుడు వాని బిడ్డకు సైన్సుల అర మార్కు తగ్గినా ఫోన్ల చూసి చెప్తడు. మీ తాతను ఒకపారి అడిగిన, ‘పెద్దోడు ఎన్నో తరగతి?’ అని. వేళ్లు లెక్కవెట్టి మరీ ఒక తరగతి తక్కువ చెప్పిండు. నవ్వాలెనో ఏడవాలెనో తెల్వలె. ఫీజు మాత్రం ఎన్నడు ఆగలె. ఆదివారం సెలవునాడు పని, అదే ప్లే డే, దొరికితే రెండింతల కూలి వస్తదని, జరంతోని సుత పోయిండు. బాయి క్యాంటీన్ల ఇచ్చిన పూరీలు కాయితంల చుట్టుకొని వచ్చేటోడు. అవి సల్లబడి, చెప్పుతోలు తీరు సాగేటియి. పిల్లలు కొట్టుకొని తినేది. నాకు సినిమా చూపిస్తనన్నడు గాని, ఆ మాట అట్లనే ఉండిపోయింది. అది వేరే పంచాది.

మొన్న మనుమడు చెయ్యి సాపి టాటూ చూపెట్టిండు. పులో పిల్లో నాకైతే తెల్వలె. ఆరు వేలట! మా అవ్వకు సోలెడు బియ్యానికే పచ్చబొట్టు పొడిచి పోయిండ్రు.

‘మీ తాతకు సుత ఉండెరా, పైసలియ్యకుండనే’ అన్న. బాయిల బండ గీరుకపోతే బొగ్గుపొడి పుండుల వడ్తది. మీదికెళ్లి తోలు మూసుకుంటది. ఇగ అది జన్మల పోదు, నీలం గీతోలె ఉంటది. ఎడమ కనుబొమ్మ మీద ఒకటి, భుజం మీద రెండు, వీపు నిండ లెక్కలేనన్ని. రిటైరయినంక రోజుకు రెండుపార్లు తానం చేసి తెల్ల అంగీ తొడిగేటోడు. అయినా మెడకాడ ఒకటి కనవడుతనే ఉండేది.

ఆయన పోయిననాడు ఆఖరు తానం పోస్తుంటే, మా చిన్నోడు మసి అనుకొని వీపు రుద్దవట్టిండు. రుద్దుడే రుద్దుడు. ‘అది పోదురా బిడ్డా’ అని నేనే వాని చెయ్యి పట్టుకున్న.