ఉల్కల వేటగాళ్లకు ఏడు తిరుగులేని చిట్కాలు

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, బ్రెన్హమ్ ప్రాంతం. 2005లో స్టీవ్ ఆర్నాల్డ్ అనే ఉల్కల వేటగాడు అక్కడి పొలంలో సుమారు రెండు మీటర్ల లోతు నుంచి 650 కిలోల ఉల్కను పైకి తీశాడు. ఆ కబురు విని ఉన్నపళంగా మెటల్ డిటెక్టర్ కొనేసినవాళ్ల కోసం ఈ చిట్కాలు. తు.చ. తప్పకుండా పాటించండి. ఫలితం మాకు ముందే తెలుసు.

1. పాత సంగతులు తవ్వకండి

1880లలో ఎలైజా కింబర్లీ అనే రైతు ఇల్లాలు బ్రెన్హమ్ దగ్గర నల్లటి బరువు రాళ్లు ఏరి కుప్ప పోస్తుంటే ఊరంతా నవ్వింది. మామూలు రాయే కనిపించని నేల అది. 1890లో ఒక ప్రొఫెసర్ వచ్చి, అవి ఉల్కలని గుర్తించి డబ్బిచ్చి కొనుక్కెళ్లాక నవ్వులు ఆగాయి. అప్పట్నుంచీ వేటగాళ్లు ఆ చుట్టుపక్కలే వెతుకుతున్నారు. ఒకరు చూపిన దారిన పోవడం మీకు నామోషీ. ఇంటికి దగ్గర్లో, చెట్టు నీడ ఉన్న చోటు చూసుకోండి. నిండా రాళ్లున్న నేలైతే మరీ మంచిది, ప్రతి రాయీ అనుమానించడానికి పనికొస్తుంది.

2. ఇనుము మీద మోజు వదులుకోండి

నాణేల కోసం తిరిగేవాళ్లు మేకుల గోల పడలేక డిటెక్టర్‌లో ఇనుమును వడగట్టే సెట్టింగ్ పెట్టుకుంటారు. మీరూ అదే పెట్టండి. ఎక్కువ ఉల్కలను పట్టిచ్చేది వాటిలోని ఇనుము, నికెల్ లోహమే కాబట్టి మేకులతో పాటు అవీ నోరెత్తవు. చెవులకు ఎంత హాయి! డిటెక్టర్ కాయిల్ కూడా చిన్నదే తీసుకోండి. లోతున ఉన్న పెద్ద ముద్దను పసిగట్టాలంటే పెద్ద కాయిల్ కావాలి. ఆర్నాల్డ్ దాన్ని బండి వెనక కట్టుకుని పొలమంతా లాగాడు. అంత అవస్థ మనకెందుకు?

3. కూత వినగానే గునపం ఎత్తండి

డిటెక్టర్ కింద లోహం ఉందని మాత్రమే చెబుతుంది, అది ఉల్కో, పాత ఇనుమో చెప్పదు. ఆ తేడా పట్టించుకోకండి. ఇనుమును వడగట్టే సెట్టింగ్ పెట్టడం మరిచినా దిగులు లేదు, తరతరాలుగా సాగు చేస్తున్న పొలంలో గుర్రపు నాడాలు, కంచె తీగలు, ట్రాక్టరు బోల్టులు, విరిగిన నాగటి కర్రులు దండిగా దొరుకుతాయి. కూత వచ్చిన చోటల్లా మ్యాపులో గుర్తు పెట్టుకుని, తీరిగ్గా పోల్చి చూసి తవ్వేవాళ్లు ధైర్యం చాలనివాళ్లు. పొద్దుగూకే సరికి మీరు పాత ఇనుప సామాన్ల కొట్టు తెరవచ్చు.

4. రాడార్ గీతను ఫోటో అనుకోండి

డిటెక్టరుకు తోడుగా వాడే రాడార్ నేలలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిని గీతలుగా చూపిస్తుంది. బోర్లించిన విల్లులా వంపు కనిపిస్తే కింద ఏదో ఉన్నట్టు. ఉల్క కావచ్చు, బండ కావచ్చు, నీళ్ల పైపూ కావచ్చు. మీరు ఆ వంపే ఉల్క ఆకారమనుకుని ధర కట్టేయండి. ఆ మట్టిలో తరంగం వేగమెంతో తెలిస్తేనే లోతు తేలుతుంది, అయినా మిషన్‌లో ముందే ఉన్న అంకెను కదపకండి. వాన వెలిసిన మర్నాడు బంకమట్టి నేలకు వెళ్తే ఇంకా సుఖం. తరంగాలు పైపైనే ఇంకిపోయి తెర మీద గీతల గొడవే ఉండదు.

5. జేసీబీని పిలవండి

2006లో హ్యూస్టన్ మ్యూజియం బృందం బ్రెన్హమ్‌లోనే డిటెక్టరుతో, రాడార్‌తో 70 కిలోల ఉల్క జాడ పట్టింది. పట్టి కూడా, అది ఎప్పుడు ఎలా పడిందో చుట్టూ ఉన్న మట్టి చెబుతుందని బ్రష్షులు పట్టుకుని కూర్చుంది. మీకు కావలసింది ఉల్క. మట్టి మాటలు మీకెందుకు?

6. గొయ్యిని బట్టి ఉల్కను లెక్కకట్టండి

అరిజోనాలో 1.2 కిలోమీటర్ల వెడల్పున్న ఉల్క గొయ్యి కింద ఇనుప కొండ ఉందని డేనియల్ బారింజర్ 1903 నుంచి ఆస్తులు కరగబెట్టి తవ్వించాడు. గుద్దుకున్న ఊపుకే ఉల్కలో చాలా భాగం ఆవిరైపోయిందని 1929లో మౌల్టన్ అనే శాస్త్రవేత్త లెక్క తేల్చాడు. ఆ ఏడాదే బారింజర్ గుండె ఆగింది. మీరు లెక్కల మనిషిని పిలవకండి, గుండెకు మంచిది.

7. అయస్కాంతంతో తేల్చేయండి

దొరికిన రాయికి బజార్లోకెల్లా బలమైన అయస్కాంతం అంటించండి. అంటుకుంటే ఉల్కే! కొలిమి చిట్టెమూ అంటుకుంటుందని, నికెల్ ఎంతుందో ల్యాబ్ చూడాలని అనేవాళ్లు అసూయపరులు. నిజంగా ఉల్కే అయితే, కోట్ల ఏళ్లుగా అందులో నిలిచిన అయస్కాంత ముద్ర మీ చేతి మీదుగా చెరిగిపోతుంది.

ఇక రైతు అనుమతి. ఆర్నాల్డ్ బృందం ముందే రైతులతో ఒప్పందాలు రాయించుకుంది, మీరు రాత్రిపూట వెళ్లండి. 1890లో అయోవాలో ఒకాయన పరాయి నేలలో పడ్డ ఉల్కను తవ్వి అమ్ముకుంటే, 1892లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది నేల యజమానిదేనని తీర్పిచ్చింది. కాబట్టి మీ డీజిల్ కాల్చి, మీ నడుం విరగ్గొట్టుకుని, రైతు ఉల్కను రైతుకే తవ్విచ్చిన పుణ్యం మీకు దక్కుతుంది.