50వ పేజీ పోలీసులు

ఎవరినైనా హత్య చేసే ఆలోచన ఉన్నవాళ్లు దయచేసి హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ వైపు రాకండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా, అపార్ట్‌మెంటుకు ఇద్దరు చొప్పున, 50వ పేజీలోనే హంతకుణ్ని పట్టేసే మహానుభావులు కాపురాలుంటున్నారు. ఈ సంగతి తెలియక స్కాట్లండ్ యార్డ్ ఇంకా జీతాలిచ్చి మరీ డిటెక్టివ్‌లను పోషిస్తోంది.

వీళ్ల చేతికి తాజాగా చిక్కిన ముద్దాయి కేట్ అట్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత్రి. 2004లో వచ్చిన 'కేస్ హిస్టరీస్' నవలలో ఆవిడ చేసిన నేరం ఏమిటంటే, ఒక్క కేసుతో సరిపెట్టలేదు. 1970లో తోటలో వేసిన గుడారంలో పడుకున్న మూడేళ్ల పిల్ల తెల్లారేసరికి మాయం. 1979లో చంటిపిల్ల ఉన్న ఇంట్లో గొడ్డలి వేటుకు భర్త బలి. 1994లో తండ్రి ఆఫీసులో పనికి వచ్చిన ఆడపిల్ల హతం. ఈ మూడూ విడివిడిగా చెప్పేశాక గానీ జాక్సన్ బ్రోడీ అనే ప్రైవేటు డిటెక్టివ్ రంగంలోకి దిగడు. దిగాక మూడు ఫైళ్లనూ ఒకేసారి భుజాన వేసుకుని కేంబ్రిడ్జ్ అంతా తిరుగుతాడు. పాత గాయాలు కెలుకుతాడు. తెలిసిన నిజాలన్నీ కోర్టు మెట్లెక్కవు.

ఇక తీర్పులు వినండి.

రిటైరైన ఇంజనీరు గారు కళ్లజోడు పైకి నెట్టుకుని, "మూడు పనుల ఎస్టిమేట్లు ఒకే ఫైల్లో పెట్టిందండీ ఈవిడ. ఆడిట్‌లో నిలబడదు" అన్నారు. సాఫ్ట్‌వేర్ తమ్ముడికి వేరే బాధ. "ఏందన్నా గిది? గిన్ని పేజీలైనా హీరో ఎంట్రీ ఇయ్యడు. ఇంటర్వెల్‌కు వస్తడా ఏంది?" మూడో ఫ్లోర్ ఆవిడ పక్కింటావిడతో, "చచ్చిపోయిన పిల్ల కోసం ఆ తండ్రి అన్నేళ్లు అలా కుమిలిపోవడం ఏంటి వదినా? ఏడుపులు చూడాలంటే రాత్రి సీరియల్ ఉందిగా" అంది. ఇంకొకాయన నవల తెరవనే లేదు. పార్సిల్‌లో పుస్తకం మూల నలిగి వచ్చింది కాబట్టి రచన నాసిరకమని తేల్చి ఒక్క నక్షత్రం పారేశాడు.

వీళ్లందరిలో కాస్త పనికొచ్చే మాటన్నది దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ లెక్చరర్ గారు. అదీ ఫిర్యాదుగానే అన్నారు. "హంతకుడు ఎవరంటే ఎ, బి, సి, డిలలో ఒక్కటి టిక్కు పెట్టేలా ఉండాలి సార్. ఇందులో ఎక్కడ చూసినా 'పైవన్నీ' అనే వస్తోంది." ఆ మాటను అక్కడే వదిలేసి టీ తాగడానికి వెళ్లిపోయారు. వదిలేయకపోతే తల నొప్పి పుట్టేది మరి.

50వ పేజీలో పట్టేసే విద్య గురించీ చెప్పుకోవాలి. పదో పేజీలో తోటమాలి మీద అనుమానం, ఇరవైలో డాక్టరు మీద, ముప్పైలో పెదనాన్న మీద, నలభైలో శవం మీదే అనుమానం. ఇలా ఊరందరినీ ఒక రౌండు వేశాక, చివరికి దోషి ఎవడైనా "నేను ముందే చెప్పలే?" అనొచ్చు. దీనికి మన దగ్గర సునిశిత పరిశీలన అని పేరు.

పాఠకుడికి ఇంత తల పొగరు ఊరికే రాలేదు. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేసి చేతులు దులుపుకున్నాడు. పాఠకులు శాపనార్థాలు పెట్టారు, ఆ కథలు అచ్చేసే పత్రికకు చందాలు మానేశారు. పదేళ్లు తిరిగేసరికి, 1903లో, హోమ్స్ అసలు చావనే లేదని డాయిల్‌చేతే చెప్పించారు. 1926లో అగాథా క్రిస్టీ 'రోజర్ ఆక్రాయిడ్' హత్యను ముగించిన తీరు చూసి, ఇది తొండి ఆట అని ఇంగ్లండులో గగ్గోలు పెట్టినవాళ్లున్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు డిటెక్టివ్ కథకు పది ఆజ్ఞలు కూడా జారీ చేశాడు. పాఠకుడికి తెలియని ఆధారం డిటెక్టివ్‌కు తెలియకూడదు, రహస్య మార్గాలు ఒకటికి మించకూడదు, ఇలాంటివి. చచ్చినవాణ్ని లేపగలిగినవాడు రచయితకు చీవాట్లు పెట్టడంలో ఆశ్చర్యమేముంది?

బ్రిటిష్ నేర నవలతో మనకు వియ్యం కొత్తదీ కాదు. 1868లో విల్కీ కాలిన్స్ రాసిన 'ది మూన్‌స్టోన్' ఒకరి తర్వాత ఒకరుగా పలువురు సాక్షులు చెప్పే కథ. అది మొదలయ్యేది 1799 శ్రీరంగపట్నంలో, ఇంగ్లీషు దొర ఒకడు కావలివాళ్లను చంపి వజ్రం కాజేయడంతో. ఆ వజ్రాన్ని ఊహించేటప్పుడు కోహినూర్ కూడా మనసులో ఉందని కాలిన్స్ ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. ఆ కోహినూర్ మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందంటారు. అంటే ఆ దేశపు డిటెక్టివ్ నవల పసితనంలో పాలు తాగింది మన సొత్తు పోయిన కేసు మీదే. దొంగసొత్తు లండన్ టవర్‌లో, అద్దాల వెనక, టికెట్టు కొన్నవాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది. 'ది మూన్‌స్టోన్' మీద మన పాఠకుడి అభిప్రాయం: "కథ చెప్పేవాళ్లు ఎక్కువైపోయి స్లో అయింది."

సొంత డిటెక్టివ్‌లనైనా నెత్తిన పెట్టుకున్నామా? కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు మద్రాసు వీధుల్లో హంతకులను తరుముతుంటే, తెలుగు ఊళ్లలో అద్దె పుస్తకాల షాపుల ముందు వంతుల కోసం పోట్లాడుకున్నారు. మధుబాబు నవలల్లోని షాడో కోసం క్లాసులు ఎగ్గొట్టారు. ఆ అద్దె పుస్తకాల మొదటి పేజీలో పెన్సిల్‌తో "హంతకుడు వంటవాడు" అని రాసిపెట్టే పుణ్యాత్ముడు ఊరికొకడు ఉండేవాడు. దాని కిందే ఇంకొకడు, "అబద్ధం, నమ్మొద్దు". ఆ కింద మూడోవాడు, "ఇద్దరూ వెధవలే". నిజం తేల్చుకుందామని ఆఖరి పేజీ తిప్పితే, అది ఎప్పుడో పల్లీల పొట్లమై వెళ్లిపోయి ఉండేది. లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని అవన్నీ నమిలేసిన కుర్రాళ్లే ఇవాళ పెద్దమనుషులై, "తెలుగులో క్రైమ్ ఫిక్షన్ ఎక్కడుందండీ?" అని ఇంగ్లీషు పుస్తకం అట్ట బయటికి కనిపించేలా పట్టుకుని మెట్రో ఎక్కుతున్నారు.

పోనీ, మూడు పోగుల కథను మోసే ఓపిక నిజంగానే లేదందామా? 2020లో వచ్చిన 'హిట్' సినిమాలో ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రీతి మాయమైంది, ఇంకోపక్క నేహా మాయమైంది. రెండు కేసులూ పెనవేసుకున్నాయి. ఒక్కడికీ తికమక రాలేదు, ఈలలు వేసి మరీ చూశారు. ప్లాటు బేరమాడేటప్పుడు చూడండి. సర్వే నంబరు, లింకు డాక్యుమెంట్లు, నాలుగు తరాల వారసుల పేర్లు నాలుక చివర ఉంటాయి. బుర్ర లేక కాదు. ఎక్కడ వాడాలో, ఎక్కడ దాచాలో బాగా తెలిసిన బుర్ర అది.

అదే 2020లో ఇంకో కేసు కూడా నడిచింది. దాన్ని మాత్రం ఎవరూ చదవలేదు. ఆగస్టు 31న అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే జీవో 131 వచ్చింది. ప్లాటు ఉన్నవాళ్లు 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. మొదట పెట్టిన ఆఖరి గడువు అక్టోబర్ 15. సరిగ్గా రెండు రోజుల ముందు, 13న, వాన తానే విచారణకు దిగింది. హయత్‌నగర్, ఘట్‌కేసర్ వైపు కుంభవృష్టి. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో వీధులు వాగులయ్యాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పోస్తే నీళ్లు కిందిచెరువు దారి వెతుక్కుంటాయి. ఆ దారి పొడవునా నీళ్లు ప్రతి తలుపూ తట్టి మరీ అడిగాయి: ఈ నాలా ఎవరు పూడ్చారు, ఈ చెరువు శిఖం భూమిని ఎవరు అమ్మారు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరు తెలిసి తెలిసి కొన్నారు?

మూడు కాదు, ముప్పై కేసులు ఒకదాంట్లో ఒకటి అల్లుకున్న నవల అది. కూర్చుని చదవాల్సింది పోయి, మన 50వ పేజీ పోలీసులు మొదటి పేజీలోనే నిందితుణ్ని తేల్చేశారు: వాన. పాపం, దానికి లాయరు లేడు, బెయిలు అడిగే దిక్కు లేదు. కేసు మూసేశారు.

ఎందుకు మూశారంటారా? పోగు పట్టుకుని లాగితే అది చెరువు నుంచి లేఅవుట్‌కు, లేఅవుట్ నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి నేరుగా సొంత బీరువాలో చీరల కింద దాచిన రిజిస్ట్రేషన్ కాగితం దగ్గరికి వస్తుంది. 'పైవన్నీ' అనే జవాబులో తన పేరు కూడా ఉంటుంది. ఒకే ఒక్క హంతకుడు ఉన్న కథంటే పాఠకుడికి ఎందుకంత ఇష్టమో ఇప్పుడు తెలిసిందిగా? వాడొక్కడు దొరికితే మిగతావాళ్లందరూ నిర్దోషులు. చదివినవాడితో సహా.

హైవే మీద 'లేక్ వ్యూ' హోర్డింగు చూడండి. వ్యూ ఉంది, లేక్ లేదు. మూడేళ్ల పిల్ల మాయమైతే నవల రాశారు గానీ, వందల ఏళ్ల చెరువు మాయమైతే బ్రోచర్ అచ్చేశారు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా పుట్టింది. బుల్డోజర్ పక్క కాలనీకి వెళ్లిన రోజు దానికి అయిదు నక్షత్రాలు. మన వీధి మలుపు తిరిగిన రోజు ఒక్క నక్షత్రం, అదీ మూల నలిగింది.

కాబట్టి నాక్స్ గారి పది ఆజ్ఞలు మా వైపు చెల్లవు. రచయితలకు మా సవరణలు ఇవి. శవం ఒక్కటే ఉండాలి. హంతకుడూ ఒక్కడే, వాడు పరాయి ఊరివాడై ఉండాలి. మొదటి పది పేజీల్లో డిటెక్టివ్ ఎంట్రీ ఇవ్వాలి. చచ్చినవాళ్ల కోసం ఎవరూ మరీ ఎక్కువగా ఏడవకూడదు. నేరం పాఠకుడి కాలనీలో, చుట్టరికంలో, దస్తావేజుల్లో జరగకూడదు. పార్సిల్ మూల నలగకూడదు. వీటికి ఒప్పుకుని సంతకం పెడితే, పుస్తకం చదవకుండానే అయిదు నక్షత్రాలు ఇప్పించే పూచీ మాది. క్రమబద్ధీకరణ దరఖాస్తు రుసుము మామూలే, 1,000 రూపాయలు.