మూడు కిలోవాట్ల జెన్‌కో నుంచి డిస్కం వారికి

మ.రా.రా.శ్రీ విద్యుత్ పంపిణీ సంస్థ పెద్దల సముఖమునకు,

విషయం: మా డాబాను విద్యుత్ కేంద్రంగా గుర్తించి, అందుకు తగ్గ మర్యాదలు ఇప్పించుట గురించి.

అయ్యా,

నిన్నమొన్నటి దాకా నేను తమకు ఒక సర్వీసు నంబరును. ఇప్పుడు మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు లేచాయి కనుక ఉత్పత్తిదారుణ్ణి అయ్యాను. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు గారి పేరున ఉన్న థర్మల్ కేంద్రంలో ఎనిమిదో యూనిట్ ఒక్కటే 800 మెగావాట్లట. లెక్క వేస్తే నాలాంటి డాబాలు రెండు లక్షల అరవై ఆరు వేల పైచిలుకు. వాళ్లకు బొగ్గు రావాలి, నాకు పొద్దు పొడవాలి. కాబట్టి దీన్ని అర్జీగా కాక సాటి కంపెనీ కాగితంగా చూడగలరు.

ఈ కేంద్రం పెట్టిన కారణం తమకు తెలియనిది కాదు. మన స్లాబుల్లో 225 యూనిట్లు దాటితే యూనిట్‌కు 8.75, నాలుగొందలు దాటితే 9.75. అది చాలదన్నట్టు, 2022-23లో కాల్చిన కరెంటు తాలూకు సర్దుబాటు ఛార్జీ వసూలు 2024 డిసెంబరు బిల్లు నుంచి మొదలైంది. అరిగిపోయిన భోజనానికి హోటలువాడు రెండేళ్లకు ఇంటికొచ్చి చట్నీ డబ్బులు అడిగినట్టుంది. అంతలో 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చింది. కోటి ఇళ్లకు 75,021 కోట్ల పథకం, 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ. మిగతాది బ్యాంకు అప్పు. బిల్లు తగ్గింది, వాయిదా పెరిగింది. వడియాలు ఆరబెట్టే చోటు పోయిందని ఇంట్లో ఇంకా మాట పడుతూనే ఉన్నాను.

అసలు సంగతి ఏప్రిల్‌లో తెలిసింది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నాకేం, సొంత ఫ్యాక్టరీ ఉందిగా అని ధీమాగా కూర్చున్నాను. ఫ్యాను ఆగింది. మేడెక్కి చూస్తే ప్యానెళ్లు కాలిపోతున్నాయి, ఇన్వర్టర్ మీద ఎర్రదీపం. ప్యానెళ్లు బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే, "లైన్లో కరెంటు లేకపోతే ఇదీ ఆగిపోవాలండీ. లేకపోతే మీ కరెంటు తీగలోకి పోయి స్తంభం మీదున్న లైన్‌మన్ చచ్చిపోతాడు" అన్నాడు. న్యాయమైన మాటే. ఒక మనిషి ప్రాణం కంటే నా ఫ్యాను ఎక్కువేం కాదు. బ్యాటరీ పెట్టుకుంటే ఆ తిప్పలు ఉండవట, దానికి ఇంకో అప్పు. కానీ మీ కరెంటు మీరే పండించుకోండని ఊరూరా మైకులో చెప్పించినప్పుడు, మా తీగ బతికుంటేనే మీ పంట చేతికొస్తుందన్న ముక్క ఎందుకు మింగేశారు? నా ఎండ నాకు దక్కాలన్నా తమ ట్రాన్స్‌ఫార్మర్ బాగుండాలి. ఇక సొంత కరెంటు అన్న మాటకు అర్థమేమిటి?

తమ వైపు మాటా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పగలు, మీకు పెద్దగా అవసరం లేని వేళ, నేను మిగులు యూనిట్లు తీగలోకి తోస్తాను. సాయంత్రం ఆరు నుంచి పది దాకా, ఊరంతా ఏసీలు వేసే వేళ, మీరు ఖరీదుకు కొన్న కరెంటును వెనక్కి లాక్కుంటాను. నెట్ మీటర్ మాత్రం యూనిట్‌కు యూనిట్ చెల్లు అంటుంది. అంటే మీ గ్రిడ్‌ను నేను బ్యాటరీలా వాడుకుంటున్నాను, అద్దె దాదాపు లేకుండా. ఈ ఖర్చు ఎక్కడో ఒకచోట తేలుతుంది. తేలేది మా కింది వాటాలో.

అక్కడ అద్దెకుండే కుటుంబానికి సొంత కప్పు లేదు, సొంత కప్పు లేనివాళ్లకు ఈ సబ్సిడీ అందడం కష్టం. నేను బిల్లు తప్పించుకున్న కొద్దీ తీగల ఖర్చు వాళ్ల నెత్తిన పడుతుంది. పర్యావరణానికి మేలు చేశానని మేడ మీద నిలబడి ఫొటో దిగింది నేను, దాని మోత మోసేది మెట్ల కింద ఉన్నవాళ్లు. ఎక్కడో ఒకచోట ఉమ్మడిగా ప్యానెళ్లు పెట్టి, అందులో వాటా యూనిట్లను ఎవరి బిల్లులో వాళ్లకు తగ్గించే ఏర్పాటుకు ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన దగ్గర దాన్ని అద్దెవాళ్ల గడప దాకా తెచ్చే పని ఎవరిది? నాదైతే కాదు. నాకు 3 కిలోవాట్లే ఉన్నాయి.

మనకు కరెంటు ఎప్పుడూ ఇంటి విషయం కాదు. ఛార్జీల పెంపు మీద నిరసనకు దిగినవాళ్లపై 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు తూటాలు పేలాయి. 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకార వేదిక మీదే రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడింది. అప్పుడు ప్రభుత్వాన్ని నిలదీసేవాళ్లం. ఇప్పుడు బిల్లు ఎక్కువొచ్చిందంటే, "సోలార్ పెట్టించుకోకపోయారా" అని పక్కింటాయనే అడుగుతున్నాడు. తప్పు మా డాబాదైపోయింది.

కనుక మనవి ఏమంటే, నా అప్పు నేను కట్టుకుంటాను, ప్యానెళ్ల మీద దుమ్ము నేనే కడుక్కుంటాను. సాయంత్రానికి కావలసిన పెద్ద బ్యాటరీలు, వేసవికి తట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్లు, కప్పు లేనివాళ్ల వాటా తమవి. సాయంత్రం వాడకానికి న్యాయమైన ధర కట్టమంటే గొణుక్కుంటూనే కడతాను, ముందు ప్రభుత్వ కార్యాలయాల బకాయిలు వసూలు చేస్తే. అన్నట్టు, మా సందు చివరి వీధిదీపం పగలంతా వెలుగుతోంది. అందులో కాలేవి నా యూనిట్లే అయితే, దయచేసి నా ఖాతాలో జమ వేయించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
యజమాని, చీఫ్ ఇంజనీరు, ప్యానెళ్లు తుడిచేవాడు
(పనివేళలు: ఉదయం 7 నుంచి సాయంత్రం 5. మబ్బు పడితే సెలవు)