మంచు పేరిన కారుకు తప్పని చిట్కాలు

ఆగస్టులో అమెరికా వచ్చి, దీపావళిలోపు సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కున్నవాళ్ళకు అసలు పరీక్ష నవంబరులో మొదలవుతుంది. షికాగో అయినా, మినియాపొలిస్ అయినా, డెట్రాయిట్ పక్కనున్న నోవై అయినా వరస ఒకటే. తొమ్మిదింటి మీటింగుకు ఎనిమిదీ నలభైకి లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని పార్కింగ్‌లోకి వస్తారు. కారు ఉంటుంది, అద్దాలు కనిపించవు.

ఈ విషయంలో మనకు పెద్దల నుంచి వచ్చిన అనుభవమేమీ లేదు. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరిందంటే విశాఖపట్నం నుంచి అర్ధరాత్రి బయల్దేరి వెళ్ళి ఫోటోలు దిగేవాళ్ళం మనం. అదే మంచు మన కారు మీదికే వచ్చి కూర్చుంటే కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు. వీటన్నిటికీ మూలం రెండే సూత్రాలు: మంచుకు ఒక్క నిమిషం కూడా ఇవ్వకూడదు, వేడి ఎంత ఎక్కువైతే అంత మంచిది.

చెవులదాకా టోపీ లాక్కుని, పొద్దున్నే కారు చుట్టూ ప్రదక్షిణలు చేసే పెద్దాయన ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఎదురింటి పెద్దాయన అనుకుందాం. ఎక్కడైనా సందేహం వస్తే ఆయన ఏం చేస్తున్నారో చూసి, సరిగ్గా దానికి ఎదురు చేయండి.

1. ముందురోజు రాత్రి ఏమీ చేయకండి

ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉన్న రాత్రి కారు అద్దం తన వేడినంతా ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. అందుకే ఫోన్‌లో 36 డిగ్రీల ఫారెన్‌హీట్ అని చూపించినా, నీళ్ళు గడ్డకట్టే 32 ఇంకా రాకపోయినా, అద్దం తెల్లబడుతుంది. పెద్దాయనకు ఈ సంగతి తెలుసు. కారును షెడ్డు కిందో చెట్టు కిందో పెడతారు. చోటు దొరక్కపోతే పొద్దుటి ఎండ తగిలేలా ముందు భాగాన్ని తూర్పుకు తిప్పుతారు. అద్దం మీద కవరో పాత దుప్పటో కప్పుతారు. మంచువాన పడుతుందంటే వైపర్లు పైకి లేపి ఉంచుతారు.

మీకెందుకు ఇంత శ్రమ? బూట్లకు అంటిన మంచు దులపకుండా కారెక్కండి. కాళ్ళ కింద మ్యాట్ మీద అది కరుగుతుంది, ఆ తేమ రాత్రికి అద్దం లోపలివైపు చేరి అక్కడ కూడా పేరుతుంది. స్టీరింగ్ అడ్డొచ్చి చెయ్యి సరిగా తిరగని ఆ మూలలో, గీకిన పొడి ఒళ్ళో రాలుతుండగా గీకడం ఒక ప్రత్యేకమైన అనుభవం. బయట మాత్రమే గీకేవాళ్ళకు అది దక్కదు.

2. మరిగే నీళ్ళు పోయండి

కెటిల్ ఉన్నది టీ కోసమేనని ఎవరన్నారు? బయట 10 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందనుకోండి, అంటే మైనస్ 12 సెల్సియస్. దాని మీద 100 డిగ్రీల నీళ్ళు పోస్తే, ఆ 112 డిగ్రీల తేడాను అద్దం క్షణంలో తట్టుకోవాలి. నీళ్ళు పడ్డచోట సాగుతుంది, పక్కన ముడుచుకునే ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గ్లాసులో పొగలు కక్కే కాఫీ పోస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఇక్కడ భయపడతారు. భయం వద్దు. ముందద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, పగిలినా ముక్కలై ఒళ్ళో పడదు. ఎప్పుడో హైవే మీద ముందు వెళ్తున్న ట్రక్కు చక్రం కింద నుంచి ఎగిరిన రాయి తగిలి పడిన చిన్న నెర్రె ఒకటి ఉంటుంది చూడండి, అది టక్కుమని ఈ చివర నుంచి ఆ చివరిదాకా పాకుతుంది, అంతే.

ఒకవేళ పగల్లేదనుకోండి, నిరాశ పడకండి. ఆ నీళ్ళు కిందికి జారి వైపర్ల మొదట్లో గడ్డకడతాయి. మిగిలినవి డ్రైవర్ డోరు దగ్గర నేల మీద నున్నటి పలకలా పరుచుకుంటాయి. కారెక్కేటప్పుడు మొదటి అడుగు అక్కడే వేయండి.

3. స్క్రేపర్ కొనకండి, అట్లకాడ ఉంది

గ్యాస్ స్టేషన్‌లో ఐదారు డాలర్లకు స్క్రేపర్ అమ్ముతారు. పిడికి ఒక చివర బ్రష్, రెండో చివర ప్లాస్టిక్ పలక. చాలా స్క్రేపర్లలో ఆ పలక అంచు ఒకవైపు నున్నగా, ఇంకోవైపు పళ్ళుపళ్ళుగా ఉంటుంది. మందమైన గడ్డ మీద ముందు పళ్ళతో గీతలు పెట్టాలి, తర్వాత తిప్పి నున్నటి అంచుతో తోస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. పెద్దాయన ఇంకో అడుగు ముందుకు వేసి, 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు కలిపి స్ప్రే బాటిల్‌లో పోసి ఉంచుకుంటారు. ఆల్కహాల్ కలిసిన నీళ్ళు అంత తేలిగ్గా గడ్డకట్టవు కాబట్టి, పలచగా పేరిన మంచు మీద కొడితే కాసేపట్లోనే మెత్తబడి జారిపోతుంది.

వంటింట్లో ఇనుప అట్లకాడ ఉండగా ఈ చాదస్తమంతా ఎందుకు? అది ఎలాంటి గడ్డనైనా లేపుతుంది, దాంతోపాటు అద్దం మీద సన్నటి గీతలు కూడా పెడుతుంది. పగలు అవి కనిపించవు. రాత్రి ఎదుటి బండి లైట్లు పడ్డప్పుడు ఒక్కొక్కటే మెరుస్తాయి. అట్లకాడ అందుబాటులో లేకపోతే డెబిట్ కార్డు వాడండి. చలికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది కాబట్టి అది రెండుగా విరిగి, ఆ సాయంత్రం మీ ఖర్చు తగ్గిస్తుంది.

వెనక అద్దం లోపలివైపు అడ్డంగా సన్నటి గీతలుంటాయి. అవి కరెంటుతో వేడెక్కి మంచు కరిగించే తీగలు. వాటి మీద కూడా అట్లకాడ ఆడించండి. తెగిన గీత దగ్గర ఇక ఏ చలికాలమూ మంచు కరగదు.

4. గడ్డకట్టిన వైపర్లకు పని చెప్పండి

అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ 1903లో వైపర్‌కు పేటెంట్ పొందింది. న్యూయార్క్‌లో ట్రామ్ ఎక్కినప్పుడు, మంచువానకు అద్దం కనబడక డ్రైవరు పడుతున్న అవస్థ చూసి ఆమెకు ఆ ఆలోచన వచ్చిందట. లోపల చేత్తో లివర్ కదిపితే బయట రబ్బరు బ్లేడు అద్దాన్ని తుడిచేది. దాన్ని ఏ కంపెనీ కొనలేదు. తుడిచే వస్తువుతో తవ్వకాలు కూడా చేయొచ్చని ఆవిడకు తట్టలేదు, మీకు తట్టింది.

రాత్రి కారు ఆపేటప్పుడు వైపర్ స్విచ్ ఆన్‌లోనే వదిలేయండి. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయగానే అద్దానికి అతుక్కుపోయిన వైపర్లను మోటారు లాగుతుంది. రబ్బరు చిరగొచ్చు, ఫ్యూజు పోవచ్చు, అన్నీ కలిసొస్తే మోటారే కాలొచ్చు.

పక్కనే వాషర్ ట్యాంకు ఉంటుంది. హైదరాబాద్‌లో కుళాయి నీళ్ళు పోసేవాళ్ళం కదా, ఇక్కడా అవే పోయండి. మైనస్ 20 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదని డబ్బా మీద రాసి ఉండే మెథనాల్ కలిపిన నీలం ద్రవాన్ని పెద్దాయనకే వదిలేయండి. రోడ్డు మీద చల్లిన ఉప్పు నీళ్ళు ట్రక్కు వెనక నుంచి మీ అద్దం మీద చిమ్మినప్పుడు లివర్ లాగితే ఏమీ రాదు. ఆ కాసేపు జ్ఞాపకం మీద ఆధారపడి నడపండి.

5. అరగంట వార్మప్ ఇవ్వండి

మన నాన్నల అంబాసిడర్లకూ ప్రీమియర్ పద్మినిలకూ కార్బ్యురేటర్ ఉండేది. పొద్దున్నే చోక్ లాగి, ఇంజన్ కుదురుకునేదాకా ఆగక తప్పేది కాదు. అమెరికాలో 1990ల మొదట్లోనే కొత్త కార్లలో కార్బ్యురేటర్ల కథ ముగిసింది. ఇప్పటి కార్లలో సెన్సర్లు చలిని కనిపెట్టి కంప్యూటరుకు చెబుతాయి, ఎంత పెట్రోలు పోయాలో అదే లెక్కేసుకుంటుంది. 30 సెకన్లు ఆగి నెమ్మదిగా బయల్దేరితే చాలు, నిలబెట్టినప్పటి కన్నా నడిపినప్పుడే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. ఆ కొద్ది దూరం గట్టిగా తొక్కకపోతే సరి.

అయినా తాతల నాటి ఆచారాన్ని వదులుకోకూడదు. అరగంట నిలబెట్టండి. చల్లటి ఇంజన్‌లోకి పెట్రోలు మామూలు కన్నా ఎక్కువ పడుతుంది. కాలకుండా మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగి, కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. మైలేజీ ఎంతంటారా? సున్నా.

పెద్దాయన పద్ధతి చూడండి: ఇంజన్ ఆన్ చేసి, వేడిగాలిని ముందద్దం మీదికి తిప్పి, దిగి గీకడం మొదలుపెడతారు. హీటరుకు వేడి వచ్చేది ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ నుంచే కాబట్టి మొదట చల్లగాలే వస్తుంది. ఆయన నాలుగు అద్దాలూ పూర్తిచేసేసరికి లోపల వేడి అందుకుంటుంది. ఒక పని జరుగుతుండగా ఇంకోటి చేయడం! మరీ చలి ప్రాంతాల్లో, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్, కెనడాలోని విన్నిపెగ్ లాంటి చోట్ల, కార్ల ముందు నుంచి ప్లగ్గు వైరు వేలాడుతూ కనిపిస్తుంది. రాత్రి దాన్ని కరెంటుకు తగిలిస్తే బ్లాక్ హీటర్ ఇంజన్‌ను వెచ్చగా ఉంచుతుంది. మీరు చూస్తే అది తెగిన వైరనుకుని కత్తిరించేయండి.

6. తాళంచెవి కార్లోనే ఉంచి లోపలికెళ్ళి టిఫిను చేయండి

అరగంట బయట నిలబడతారా ఏమిటి? ఇంజన్ ఆన్‌లో ఉంచి, తలుపు వేయకుండా ఇంట్లోకెళ్ళండి. వెనక గొట్టం నుంచి తెల్లగా పొగ వస్తుంటుంది కాబట్టి, ఏ కారు తీసుకెళ్ళడానికి సిద్ధంగా ఉందో దొంగ వెతుక్కోనక్కర్లేదు. కొలరాడోలో దీన్ని పఫింగ్ అంటారు, అక్కడి చట్టం దీన్ని ఒప్పుకోదు. రిమోట్ స్టార్ట్ ఉన్న కార్లకు మాత్రం 2016లో మినహాయింపు ఇచ్చారు. తాళంచెవి దగ్గర లేకుండా ఆ కారును నడుపుకుపోవడం కష్టం కదా.

7. ఈ ఒక్కటీ నిజం

ఇక్కడ వెటకారం ఆపుతున్నాం. గ్యారేజీలో కారును వేడెక్కించకండి. తలుపు మూసి ఉంటే సరేసరి, తెరిచి ఉన్నా వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, తర్వాత మత్తు. పక్కగదిలో పడుకున్నవాళ్ళకు ఏం జరుగుతోందో తెలిసే అవకాశమే ఉండదు. స్టార్ట్ చేయగానే కారును బయటికి తీసేయండి. రిమోట్ స్టార్ట్ నొక్కేముందు కారు ఎక్కడుందో గుర్తుచేసుకోండి. బాగా మంచు పడిన రోజున, ఇంజన్ ఆన్ చేయకముందే వెనక గొట్టం చుట్టూ ఉన్న మంచు తవ్వి తీయండి. గొట్టం మూసుకుపోతే ఆ పొగ కార్లోకే వస్తుంది. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి మీరు బయట మంచు తవ్వుతున్నప్పుడు ఇది మరీ ప్రమాదం. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి.

మళ్ళీ మన పద్ధతిలోకి వద్దాం.

8. లోపలి గాలిని లోపలే తిప్పండి

కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగే బటన్ ఒకటుంటుంది. మన ఊళ్ళో దుమ్ము, పొగ రాకుండా దాన్ని ఎప్పుడూ నొక్కే ఉంచేవాళ్ళం. ఇక్కడా అలాగే ఉంచి, నలుగురు కలిసి ఎక్కి, ఆఫీసు సంగతులు మాట్లాడుకోండి. నలుగురి ఊపిరిలోని తేమా లోపలే తిరిగి, వెళ్ళి చల్లటి అద్దం మీద ఆవిరిగా కూర్చుంటుంది. దాన్ని అరచేత్తో తుడవండి, చేతి జిడ్డు కూడా అంటుకుని ఎండ పడ్డప్పుడు ఏమీ కనబడదు.

పెద్దాయన కార్లోకి తొంగిచూస్తే జనవరి నెలలో ఏసీ లైటు వెలుగుతుంటుంది! నవ్వుకోండి. ఏసీ గాలిలోని తేమను పీల్చేస్తుందనీ, ఆ పొడిగాలిని హీటరు వేడిచేసి అద్దం మీదికి పంపుతుందనీ, బయటి చల్లగాలిలో తేమ తక్కువనీ ఆయన అంటారు. వింటే మన మాట సాగదు.

9. అరచేతి మేర గీకితే చాలు

మీరు చూసేది రెండు కళ్ళతో. రెండు కళ్ళకు సరిపడా కన్నం చాలు. పక్క అద్దాలు పక్కవాళ్ళకు సంబంధించినవి. అద్దం అడుగున, బానెట్‌కు ఆనుకుని ఉండే జాలీ సందులను కూడా మంచుతో నిండే ఉండనివ్వండి. బయటిగాలి హీటరులోకి వెళ్ళేది అటునుంచేనని కొందరు దాన్ని శుభ్రం చేస్తుంటారు.

కారు పైకప్పు మీది మంచు ఎలాగూ మీకు కనబడదు, వదిలేయండి. న్యూజెర్సీలో దాన్ని దించకుండా రోడ్డెక్కితే 25 నుంచి 75 డాలర్లు జరిమానా. ఆ గడ్డ ఎగిరిపడి ఎవరికైనా దెబ్బ తగిలినా, ఆస్తి పాడైనా 200 నుంచి 1,000 డాలర్లదాకా. ఒకవేళ అది వెనక్కి ఎగరకపోతే, మొదటి సిగ్నల్ దగ్గర బ్రేకు వేయగానే మొత్తం ముందుకు జారి, మీరు కష్టపడి చేసుకున్న ఆ కన్నాన్ని మూసేస్తుంది.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: నాది ఎలక్ట్రిక్ కారు. నాకూ ఈ చిట్కాలు వర్తిస్తాయా?

జవాబు: ఇంజన్ లేదు కాబట్టి ఐదోది వర్తించదు. ఛార్జర్‌కు తగిలించి ఉండగానే ఫోన్‌లో టైము పెడితే, ఇంటి కరెంటుతోనే అద్దాలూ బ్యాటరీ వేడెక్కుతాయి. కాబట్టి ముందు ప్లగ్గు పీకేసి, ఆ తర్వాత వేడి చేయండి. దూరాభారం తగ్గుతుంది, ఎక్కువ దూరం వెళ్ళలేరు కనుక.

ప్రశ్న: పెద్దాయన పద్ధతికి ఎంతసేపు పడుతుంది?

జవాబు: పది నిమిషాలు. అలారం పది నిమిషాలు ముందుకు జరపాలి. అంత త్యాగం మనవల్ల కాదనే కదా ఇన్ని చిట్కాలు రాసింది.

ప్రశ్న: రెండో చిట్కా పాటించాను. ముందద్దం పగిలింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఫోన్ చేస్తే మార్చేవాళ్ళు ఇంటికే వస్తారు. అద్దం వెనక కెమెరా ఉన్న కారైతే, దాన్ని మళ్ళీ సరిచేయడానికి వేరే బిల్లు ఉంటుంది. కొత్త అద్దం జిగురుతో అతికిస్తారు. అది ఆరేదాకా కారు కదపకూడదు, చలిలో అది ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. దాని మీద మాత్రం వేడినీళ్ళు పోయకండి, అట్లకాడ పెట్టకండి. మంచుకు పది నిమిషాలు ఇవ్వనన్న మీరు జిగురుకు కొన్ని గంటలు ఇవ్వాల్సి వస్తుంది. ఆఫీసుకు ఎలా వెళ్ళాలంటారా? ఎదురింటి పెద్దాయన కారు సిద్ధంగానే ఉంటుంది, అడిగి చూడండి.